పూజ పెంచాలా, ఫోను మానాలా?

తిరుపతి బైరాగిపట్టెడ నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 38. ఇంట్లోనే జాకెట్లు కుడతారు. ముహూర్తాల కాలంలో ఊపిరాడనంత పని. ఆర్డర్లు, డిజైన్ల ఫొటోలు, డబ్బులు అన్నీ ఫోనులోనే. భర్త ఉద్యోగి, అమ్మాయి పదో తరగతి, అత్తగారు వీళ్ల దగ్గరే ఉంటారు. ఆమె రాసినదాంట్లో ముఖ్యమైన భాగం ఇది:

"పొద్దున అయిదింటికి లేస్తాను. వాకిట్లో పెయింటు ముగ్గు వేయించేశాం కాబట్టి నీళ్లు చల్లితే సరిపోతుంది. దీపం పెట్టి, ఫోనులో సుప్రభాతం పెట్టి కూర్చుంటాను. మధ్యలో ప్రకటన వస్తుంది. దాన్ని తీసేద్దామని ఫోను పట్టుకుంటాను. అక్కడ ఒక మెసేజి, దాని కింద ఇంకో డిజైను. తల ఎత్తేసరికి అరగంట అయిపోయుంటుంది. దీపం ఎప్పుడు కొండెక్కిందో కూడా తెలీదు. 'దేవుడి ముందర ఫోను పెట్టుకుంటే దేవుడెట్లా పలకతాడు?' అంటుంది మా అత్త. పనిలోనూ ఇంతే. పోయిన నెల పెళ్లికూతురి పట్టుగుడ్డలో రెండు చేతులూ ఎడమవే కోశాను. కొత్త గుడ్డ కొనిచ్చాను, 2,400 రూపాయలు పోయాయి. అంతకు వారం ముందు వెనక మెడ 8 అంగుళాలని రాసుకుని 9 కోశాను. రాత్రి పదకొండుకు పనులన్నీ ముగిశాక పన్నెండున్నర దాకా ఫోను చూస్తాను. రోజు మొత్తంలో నాదంటూ ఉండేది ఆ గంటన్నరే. 41 రోజులు విష్ణు సహస్రనామం చదివి, రోజూ ఒక పేజీ రామకోటి రాస్తే మనసు నిలుస్తుందని స్నేహితురాలు చెప్పింది. బటన్ ఫోను పెట్టుకోమంటాడు మా ఆయన. పూజ పెంచాలా, ఫోను మానాలా? అసలు నాకేమైనా జబ్బా?"

అమ్మా,

మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. రాత్రి పన్నెండున్నరకు పడుకుని అయిదింటికి లేస్తున్నారు. అంటే నాలుగున్నర గంటల నిద్ర. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటలు కావాలి. రోజుల తరబడి నిద్ర తగ్గితే ముందుగా దెబ్బతినేవాటిలో సరిచూసుకునే శక్తి ఒకటి. కన్ను చూస్తూనే ఉంటుంది, చెయ్యి కోస్తూనే ఉంటుంది. "ఆగు, రెండో చేతికి గుడ్డ తిప్పావా?" అని అడగాల్సిన లోపలి మనిషే కునుకు తీస్తుంటుంది. రెండు ఎడమ చేతులు కోయడం అచ్చంగా ఆ రకం తప్పు. మీకు పని రాకపోతే నడుము దగ్గరా చంక దగ్గరా కూడా తేడాలొచ్చేవి. మీ ఉత్తరంలో అవేవీ లేవు. కాబట్టి భక్తి తక్కువైందనో బుర్ర చెడిపోయిందనో తేల్చుకోకండి. నిద్ర సరిపోతున్నా ఈ మరుపు తగ్గకపోతే రక్తహీనతకు, థైరాయిడ్‌కు ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి. ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం, ఊరికే ఏడుపు రావడం రెండు వారాలు దాటి ఉంటే టెలీ మానస్ (మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన ఫోను సాయం) వాళ్ల 14416కి ఫోను చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇక పూజ సంగతి. పూజ పెంచితే ఏకాగ్రత వస్తుందా అని అడిగారు. దానికి జవాబు చెప్పాలంటే పూజలో మనసును పట్టి నిలిపేది ఏ భాగమో ముందు చూడాలి.

వ్రతానికి పురోహితుడు వస్తే ఏం చేయిస్తాడో గుర్తు తెచ్చుకోండి. ముందు ఆచమనం. అరచేతిలో మినపగింజ మునిగేటన్ని నీళ్లు, మూడుసార్లు. అంత కొంచెం నీళ్లు ఒలకకుండా పట్టుకోవాలంటే చెయ్యి నిలవాలి, చెయ్యి నిలవాలంటే చూపు దాని మీదే ఉండాలి. తర్వాత ఊపిరి బిగబట్టి వదలడం. ఆ తర్వాత సంకల్పం. శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నాం, ఏ సంవత్సరం, ఏ అయనం, ఏ ఋతువు, ఏ మాసం, ఏ పక్షం, ఏ తిథి, ఏ వారం. నా గోత్రం ఇది, పేరు ఇది, ఇప్పుడు చేయబోయేది ఇది. ఎక్కడున్నావు, ఎప్పుడున్నావు, ఎవరివి, ఏం చేయబోతున్నావు అన్న నాలుగు సంగతులూ మన నోటితోనే పైకి చెప్పిస్తారు. చెదిరిన మనసును పోగుచేసి ఒకచోట కూర్చోబెట్టడానికి ఇంతకన్నా నేర్పైన పద్ధతి నాకు కనిపించలేదు. ఆ తర్వాత ఆవాహన, పదహారు ఉపచారాలు, హారతి, చివర ఉద్వాసన. పిలవడం ఎంత పద్ధతిగా ఉంటుందో సాగనంపడమూ అంతే పద్ధతిగా ఉంటుంది. ఇక్కడితో అయిందని అందరికీ తెలుస్తుంది.

ఫోనుకు ఆవాహన ఉంది గానీ ఉద్వాసన లేదు. వేలితో తోస్తుంటే కిందినుంచి ఇంకొకటి వస్తూనే ఉంటుంది. హారతి ఎవరూ ఇవ్వరు. మీ పొద్దుటి అరగంట అందుకే మిగలడం లేదు.

ఇంకో సంగతి. మీ పూజలో చెవికి తప్ప దేనికీ పని లేదు. చేతులు ఖాళీ, నోరు ఖాళీ, పక్కన ఫోను. చెవి ఒక్కటే పనిచేసేటప్పుడు మనసు జారినా మనకు తెలియదు, పాట దానంతటది సాగిపోతుంటుంది. అదే నోటితో చదువుతుంటే మనసు జారిన చోట నాలుక తడబడుతుంది. తప్పు పట్టుబడుతుంది. కాబట్టి పొద్దుటి సమయాన్ని పెంచకుండానే అందులో నోటికో చేతికో పని పెట్టుకోవచ్చు. దీనికి రెండు దారులు కనిపిస్తున్నాయి.

ఒకటి, ఫోనును దేవుడి గదిలోకి రానివ్వకుండా సుప్రభాతం మీరే చదవడం. అందులో నాలుగు భాగాలున్న సంగతి మీకు తెలిసే ఉంటుంది: సుప్రభాతం 29 శ్లోకాలు, స్తోత్రం 11, ప్రపత్తి 16, మంగళాశాసనం 14. మొత్తం అలవాటు లేకపోతే మంగళాశాసనం 14తో మొదలుపెట్టండి, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. పెద్దక్షరాల పుస్తకం కొనుక్కోండి. ఫోనులో చూసి చదివితే మళ్లీ మొదటికే వస్తారు. మీ అత్తగారికి ఇవి నోటికి వచ్చే ఉంటాయని నా ఊహ. ఒక శ్లోకం ఆమె, ఒక శ్లోకం మీరు చదవండి. ఎదుటి మనిషి వంతు అవగానే మన వంతు వస్తుంది కాబట్టి దారి తప్పడానికి సందు దొరకదు. ఆమె దెప్పిపొడుపు కూడా దాంతో తగ్గుతుంది, తోడుగా కూర్చున్న మనిషి తప్పు ఎన్నదు. వినడమే ఇష్టమైతే పెన్‌డ్రైవ్ పెట్టుకునే చిన్న స్పీకరు చాలు, ప్రకటనలు రావు. కానీ వింటూ చేతులకు ఏదో ఒక పని ఇవ్వండి, వత్తులు చేసుకోవడమో పూలు కట్టడమో.

రెండో దారి ముగ్గు. పెయింటు ముగ్గు వేయించుకోవడం తప్పని అనను, నడుము నొప్పి ఉన్నవాళ్లకు అది వరం. కానీ దాంతోపాటు పొద్దుటే చూపు, వేలు, లెక్క మూడూ కలిసి చేసే ఒక పని పోయింది. మీరు కొలతల మనిషి కాబట్టి ఇది మీకు బాగా పనికొస్తుంది. 5 చుక్కలతో మొదలుపెట్టి 3 వచ్చేదాకా సందు చుక్క పెట్టండి. మధ్య వరుస 5, దానికి ఇటూ అటూ 4, 3. మొత్తం 19 చుక్కలు. గీతలతో కలిపే ముగ్గు కాకుండా చుక్క చుట్టూ తిరిగే మెలికల ముగ్గు వేయండి. ఎక్కడ తప్పామో ఆ ముగ్గే చెప్తుంది. ఒక్క చుక్క దగ్గర కుడికి తిరగాల్సింది ఎడమకు తిరిగితే గీత మొదలైన చోటికి చేరదు, ఏదో ఒక చుక్క బయట మిగిలిపోతుంది. మిగిలితే చెరిపేయకండి. ఎక్కడ దారి తప్పారో వెనక్కి వెళ్లి వేలితో వెతకండి. ఆ వెతుకులాటే అసలు సాధన. నేల తడి ఆరీ ఆరకుండా ఉన్నప్పుడు పిండి బాగా పట్టుకుంటుంది. నీళ్లు నిలిచి ఉంటే గీత పాకిపోతుంది, పూర్తిగా ఎండితే గాలికి లేచిపోతుంది. బొటనవేలు, చూపుడువేలు మధ్య నుంచి పిండి ఒకే ధారగా జారాలంటే చేతిలో గుప్పెడు తీసుకోకూడదు, చిటికెడే తీసుకోవాలి. వారమంతా అదే ముగ్గు వేయండి. వారం తిరిగాక చెయ్యి దానంతటదే తిరుగుతుంటే మనసు మళ్లీ షికారు వెళ్తుంది, అప్పుడు ముగ్గు మార్చాలి. తిరుమలలో కూడా ధనుర్మాసం రాగానే సుప్రభాతం స్థానంలో తిరుప్పావై వినిపిస్తుంది కదా. ముప్పై పాశురాలు, ముప్పై రోజులు, రోజుకు ఒక పాశురం. కొలత చిన్నది, మార్పు ఉంది, ముగింపు ఉంది.

ఈ రెండూ ఒకేసారి మొదలుపెట్టవద్దు. ఒకటి చాలు. ఫొటో తీసి గ్రూపులో పెట్టడం కూడా వద్దు. పెట్టిన రోజునుంచి ముగ్గు ఎవరికి నచ్చిందా అన్న ధ్యాస మొదలవుతుంది, ఫోను చేతికొస్తుంది.

స్నేహితురాలు చెప్పిన 41 రోజుల దీక్షలో మంచి ఉంది. మొక్కుకు మన దగ్గర బలం ఉంది, లెక్క పెట్టుకున్న పనిని మనిషి అంత తొందరగా వదలడు. కానీ మీ పరిస్థితిలో నాకు మూడు ఇబ్బందులు కనిపిస్తున్నాయి. సహస్రనామానికి సుమారు అరగంట, రామకోటి పేజీకి ఇంకొంత. ఆ సమయం ఎక్కడినుంచి తెస్తారు? నిద్రలోంచే తెస్తారు. నాలుగున్నర గంటలు మూడున్నర అవుతాయి, ఈసారి కోతబల్ల మీద చేతులతోపాటు మెడ కూడా పోతుంది. రెండోది, నెలలో దూరంగా ఉండే రోజులు మీ ఇంట్లో పాటిస్తుంటే 41 రోజులు ఏకబిగిన సాగవు. మధ్యలో ఎవరింట్లోనైనా మైల వస్తే అదీ అంతే. తెగిన ప్రతిసారీ "నా వల్ల కాలేదు" అన్న బాధ మిగులుతుంది. మూడోది, 41 అన్నది మొక్కు లెక్క, అలవాటు లెక్క కాదు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మంది మీద చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక కొత్త పని అలవాటుగా స్థిరపడడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, కొందరికి 254 రోజుల దాకా. మధ్యలో ఒక రోజు తప్పితే పెద్ద నష్టం లేదని కూడా తేలింది. ఈ మాట మీకు ధైర్యమివ్వాలి. దీక్ష పట్టాలనే ఉంటే నిద్ర సర్దుకున్నాక పట్టండి. సహస్రనామం మొత్తం కాకుండా రోజుకు పది శ్లోకాలు అర్థంతో చదువుకోవచ్చు. రామకోటి పేజీ బదులు పదకొండుసార్లు నిదానంగా రాయొచ్చు. ఏది తగ్గించినా దేవుడు కోప్పడడు.

అయితే పొద్దున దేవుడి ముందు నిలిచిన మనసు పదింటికి దానంతటదే కోతబల్ల దగ్గరికి నడిచిరాదు. అక్కడ ఇంకో వాకిలి ఉంది, దానికీ ఒక ముగ్గు కావాలి. మీ పనికి వేరే ఆచారం పెట్టుకోమని అందుకే చెప్తున్నాను. దానికి మైల లేదు, దూరంగా ఉండే రోజులూ లేవు. ఏడాది పొడవునా సాగుతుంది.

ఇలా ఉండొచ్చు. బల్ల తుడిచి ఒక్కరి గుడ్డే బల్ల మీద పెట్టండి, మిగతావి సంచుల్లోనే ఉండాలి. మిషను బాబిన్ కేసు తీసి పాత టూత్‌బ్రష్‌తో దూది దులపండి. షటిల్ దగ్గర ఒక చుక్క నూనె వేయండి, ఒక్కటే. సూది మొనను గోరు మీద మెల్లగా లాగి చూడండి, గీరుకుంటే మార్చేయండి. పట్టుకు 11, నూలుకు 14 నంబరు సూది ఉందా చూసుకోండి. ఒక పీలిక మీద రెండు అంగుళాలు కుట్టండి. దారం బిగువు తెలుస్తుంది, నూనె ఎక్కువైతే మరక పీలికకే అంటుకుని పట్టుగుడ్డ దక్కుతుంది. అప్పుడు కొలతల చీటీ ముందు పెట్టుకుని సంకల్పం చెప్పుకోండి, మామూలు తెలుగులో, పైకి వినపడేలా: "ఈరోజు గురువారం. ఫలానా వాళ్ల జాకెట్టు కోస్తున్నాను. వెనక మెడ ఎనిమిది. చెయ్యి పొడవు పది. రెండు చేతులు, ఒకటి కుడి, ఒకటి ఎడమ." ప్రతి అంకె చెప్పేటప్పుడు టేపు మీద ఆ గీతను వేలితో ముట్టుకోండి. జపాన్ రైల్వేల్లో డ్రైవర్లు, గార్డులు సిగ్నల్‌ను వేలితో చూపించి పైకి చెప్పడం ఒక నియమం. కన్ను, వేలు, నోరు, చెవి నాలుగూ ఒకే అంకె మీదికి వస్తే 8 కాస్తా 9 కావడం కష్టం.

చేతుల సంగతి మీకు చెప్పేటంత దాన్ని కాదు గానీ, గుడ్డ మంచివైపు మంచివైపుకు ఆనేలా మడిచి రెండూ కలిపి కోసినప్పుడు ఈ తప్పు రాదు. అంచు వల్లనో మగ్గం వర్క్ వల్లనో విడివిడిగా కోయాల్సి వచ్చినప్పుడే వస్తుంది. అలాంటప్పుడు కాగితం నమూనాకు ఒకవైపు "కు", తిప్పితే "ఎ" అని పెద్దగా రాసి ఉంచండి. గుడ్డ మీద కూడా సుద్దతో ఆ అక్షరం వేశాకే కత్తెర పట్టండి.

పని ముగింపుకూ ఉద్వాసన ఉండాలి. గుండుసూదులు లెక్కపెట్టి డబ్బాలో వేయండి, ఇరవై తీస్తే ఇరవై తిరిగి రావాలి. గుడ్డ, చీటీ ఒకే కవర్లో పెట్టండి. రేపు మొదట చేయాల్సింది ఒక వాక్యం రాసి మిషను మీద అంటించండి. పని మధ్యలో లేవాల్సి వస్తే కూడా ఇదే. గ్యాసు బండి వస్తుంది, అత్తగారి మాత్రల వేళ అవుతుంది. మీ ధ్యాసను తినేది ఫోను ఒక్కటే కాదు, ఇల్లంతా కలిసి తింటోంది. సగంలో వదిలిన పని మనసుకు అంటుకుని తర్వాతి పనిలోకి కూడా వస్తుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించారు. ఎక్కడ ఆపామో, తిరిగి వచ్చి ఏం చేయాలో రెండు ముక్కలు రాసుకుంటే ఆ అంటు తగ్గుతుందని తర్వాత ఇంకో అధ్యయనంలో తేల్చారు. "కుడి చంక దగ్గర ఆపాను. తర్వాత ఎడమ" అని సుద్దతో బల్ల మీద రాసి లేవండి. అర నిమిషం పని.

ఫోను విషయంలో మీ ఆయన మాటకు సగమే ఒప్పుకుంటాను. పూర్తిగా బటన్ ఫోనుకు మారితే డిజైన్ల ఫొటోలు రావు, డబ్బులు వేయడం ఇప్పటంత సులువుగా కుదరదు, కొత్త గిరాకీ పక్క వీధికి పోతుంది. కానీ 1,500 రూపాయల లోపు బటన్ ఫోను ఒకటి కొని, ఆ నంబరు పాత ఖాతాదారులకు "అర్జంటైతే దీనికి చేయండి" అని ఇచ్చి, దాన్ని మిషను దగ్గర పెట్టుకోవచ్చు. పెద్ద ఫోను హాల్లో ఉంటుంది. రెండో ఫోను దండగనిపిస్తే ఉన్నదాంట్లోనే కాల్స్ మోగేలా, మెసేజీలు మోగకుండా పెట్టుకోండి. పదిన్నరకు, రెండింటికి, ఆరున్నరకు పావుగంట చొప్పున చూసి జవాబులివ్వండి. వాట్సాప్ బిజినెస్‌లో మనం లేనప్పుడు దానంతటదే వెళ్లే సందేశం పెట్టుకోవచ్చు: "కుట్టు పనిలో ఉన్నాను. 2 గంటలకు జవాబిస్తాను. అర్జంటైతే ఫోను చేయండి." మొదటి రెండు వారాలు కొందరు విసుక్కుంటారు, ఒకరిద్దరు వెళ్లిపోనూ వచ్చు. ముహూర్తాల కాలంలో అది భరించలేరనిపిస్తే ఈ మార్పు మూఢం రోజులకు వాయిదా వేసుకోండి, అప్పుడు పెళ్లి పనులు ఎలాగూ పలచబడతాయి.

రాత్రి గంటన్నర గురించి జాగ్రత్తగా మాట్లాడాలి. అది ఫోను కోసం పెట్టుకున్న సమయం కాదు, ఎవరూ ఏదీ అడగని సమయం. దాన్ని తీసేయమంటే మీకు మిగిలేది చాకిరీ ఒక్కటే. కాబట్టి తీసేయకండి, ముందుకు జరపండి. రాత్రి తొమ్మిది నుంచి తొమ్మిదిన్నర దాకా మీది. ఆ అరగంట గిన్నెలు మీ ఆయనవో అమ్మాయివో కావాలి. దీన్ని మీరు అడగాలి, వాళ్లకై వాళ్లకు తోచదు. "బటన్ ఫోను పెట్టుకోమన్నారు కదా, దానికి బదులు ఈ సాయం చేయండి" అని అడగొచ్చు. ఆ అరగంటలో ఫోనే చూడాలనిపిస్తే చూడండి. పదింటికి అందరి ఫోన్లూ హాల్లో ఒక గూట్లో ఛార్జింగ్‌కు పెట్టండి, మీ ఆయనది కూడా. అమ్మాయికి వేరే ఉపదేశం అక్కర్లేదు. అలారానికి ఒక గడియారం కొనండి, లేకపోతే అలారం సాకుతో ఫోను మళ్లీ తలగడ కిందికి చేరుతుంది. ఒకేసారి పన్నెండున్నర నుంచి పదింటికి రాలేరు. మూడు రోజులకొకసారి పావుగంట చొప్పున ముందుకు జరపండి.

పైవన్నీ ఒకేసారి వద్దు. నిద్ర ముందు. దాంతోపాటు కోతబల్ల సంకల్పం, ఎందుకంటే డబ్బు పోతున్నది అక్కడే. ఆ రెండూ నిలిచాక శ్లోకమో ముగ్గో ఎంచుకోండి. దీపం మాత్రం ఇప్పటిలాగే పెట్టండి. నూనె ఒక చెంచా పోసి ఎంతసేపు వెలుగుతుందో ఒకసారి గడియారంలో చూసుకోండి, మీ శ్లోకాలు అయ్యేదాకా వెలిగేంత పోయండి. దాన్ని కుట్టు గదిలోకి మాత్రం తీసుకెళ్లకండి, గుడ్డలూ ఫ్యానూ ఉన్నచోట దీపం ప్రమాదం.

ఆ రెండు ఎడమ చేతుల పట్టుగుడ్డను పారేయకుండా ఉంటే రెండు అంగుళాల వెడల్పు పీలికలుగా కోసి డబ్బాలో వేసుకోండి. రోజూ పొద్దున పరీక్ష కుట్టుకు అవి చాలా రోజులు వస్తాయి.